విపశ్యన శిబిరం, ఇల్లు, పిల్లలు: గృహస్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లాలనుకునే తల్లిదండ్రులు, వెళ్లొచ్చిన తల్లిదండ్రులు పదే పదే అడిగే సందేహాలివి. విపశ్యన అంటే శ్వాసను, ఒంట్లోని సంవేదనలను గమనించే ధ్యాన పద్ధతి. కేంద్రంలోనే ఉండి, మౌనంగా, ఫోన్ లేకుండా దాన్ని నేర్చుకుంటారు. ధ్యానం ఎలా చేయాలో శిబిరంలోనే నేర్పుతారు కాబట్టి ఆ సంగతి ఇక్కడ ఎత్తుకోలేదు. ఆ ధ్యానం ఇంట్లో ఇమడాలంటే ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం. ఒకరి సాధన బరువు ఇంట్లో ఇంకొకరి నెత్తిన పడితే అది నాలుగు నెలలు కూడా నిలవదు. అందుకే చాలా జవాబుల్లో మీతోపాటు మీ ఇంట్లోవాళ్ల ప్రస్తావన కూడా వస్తుంది.

## వెళ్లే ముందు

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. పది రోజులు వదిలి వెళ్లొచ్చా?

పాలు తాగే బిడ్డ ఉంటే తల్లి ఆగడమే మంచిది. పది రోజులు పాలివ్వకపోతే రొమ్ములు గట్టిపడి నొప్పి, జ్వరం రావచ్చు, పాలు తగ్గిపోవచ్చు కూడా. మూడేళ్లలోపు పిల్లలకు రోజుల లెక్క తెలియదు. అమ్మో నాన్నో కనబడకపోతే ఎప్పుడొస్తారో ఊహించుకోలేరు. ఆ వయసు బిడ్డను వదిలి వెళ్లాలంటే, రోజూ రాత్రి పడుకోబెట్టే అలవాటున్న మనిషి ఇంకొకరు ఇంట్లో ఉండి తీరాలి. వాళ్లు అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా సరే, ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు నుంచే అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం వాళ్ల చేతికివ్వండి. బ్యాగు సర్దే రోజున అప్పగిస్తే బిడ్డా బెంబేలెత్తుతుంది, పెద్దామె కూడా అలిసిపోతుంది.

నాలుగైదేళ్లు దాటిన పిల్లలకు క్యాలెండర్ చూపించి చెప్పండి. మీరు వచ్చే తేదీకి ఎర్ర గీత పెట్టి, రోజూ ఒక గడి కొట్టేయమనండి. ఫోన్ చేయలేరన్న సంగతి ముందే చెప్పాలి. చెప్పకుండా తెల్లవారుజామున జారుకుంటే, ఆ తర్వాత మీరు కూరగాయలకు వెళ్లినా పిల్లలు ఏడుస్తారు.

భార్యాభర్తలం ఇద్దరం ఒకేసారి వెళ్లొచ్చా?

పిల్లలు లేకపోయినా, పెద్దవాళ్లైపోయినా వెళ్లొచ్చు. అక్కడ ఆడవాళ్లకు, మగవాళ్లకు వసతి, భోజనం వేరు కాబట్టి ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలుండదు. బడి వయసు పిల్లలుంటే ఒకరి తర్వాత ఒకరు వెళ్లండి. రెండు శిబిరాల మధ్య కనీసం రెండు నెలలైనా ఎడం ఉంటే పిల్లలు కుదుటపడతారు.

ఎన్ని రోజుల సెలవు పెట్టాలి? ఖర్చెంత?

పేరుకు పది రోజులే గానీ క్యాలెండర్‌లో 12 తేదీలు పోతాయి. చేరే రోజు మధ్యాహ్నానికల్లా కేంద్రంలో ఉండాలి, పదకొండో రోజు ఉదయం బయటకు వస్తారు. బుధవారం మొదలై మరుసటి వారం ఆదివారం ముగిసే శిబిరమైతే, శని ఆదివారాలు సెలవున్న ఉద్యోగులకు 8 పనిదినాలు పడతాయి. వీలైతే ఇంకో రోజు కలపండి. ఆదివారం శిబిరం ముగించుకుని సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తితే ఇంట్లోవాళ్లకు మీరు దక్కేది ఒక్క పూటే.

బోధనకు, వసతికి, భోజనానికి రుసుము లేదు. అంతకుముందు శిబిరం పూర్తి చేసినవాళ్ల విరాళాలతో ఇవి నడుస్తాయి. మీరు ఇవ్వదలచుకుంటే ఆఖర్న ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్త 1976 నుంచి నడుస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో మరికొన్ని కేంద్రాలున్నాయి. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి సమయాల్లో ఖాళీలు త్వరగా నిండుతాయి కాబట్టి రెండు మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టండి.

‘సన్నాసుల్లో కలుస్తావా ఏం?’ అని ఇంట్లో భయపడుతున్నారు. ఏం చెప్పాలి?

ఈ పద్ధతిని మనదాకా తెచ్చినవాళ్లే సంసారులని చెప్పండి. సయాజీ ఊ బా ఖిన్ బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూ, తన ఆఫీసు సిబ్బందికి ధ్యానం నేర్పారు. ఆయన శిష్యుడు సత్యనారాయణ గోయెంకా మాండలేలో పుట్టిన వ్యాపారి, భార్యాబిడ్డలున్న మనిషి. 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు, 2013లో కన్నుమూశారు. ఇల్లు వదలమని అక్కడెవరూ చెప్పరు. ఇంటికెళ్లి పొద్దునో గంట, సాయంత్రం ఓ గంట కూర్చోమంటారు, అంతే.

మాటలతో భయం పోకపోతే దినచర్య కాగితం చూపించండి. ఉదయం 4కి గంట కొడతారు, రాత్రి 9.30కి దీపాలు ఆర్పుతారు, మధ్యలో దాదాపు పది గంటలు ధ్యానం, సాయంత్రం ప్రసంగం. ఎక్కడుంటారో, ఏం తింటారో, ఎప్పుడు పడుకుంటారో తెలిస్తే అమ్మానాన్నల గుండె సగం నిమ్మళిస్తుంది.

మానసిక సమస్యకు మందులు వాడుతున్నాను. వెళ్లొచ్చా?

దరఖాస్తులో దాచకుండా రాయండి. మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నారో అన్నీ రాయాలి. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్లకు ఈ శిబిరం తగదని నిర్వాహకులే చెబుతారు. మౌనంలో, ఎడతెగని ధ్యానంలో రోగం తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. శిబిరం కోసం మందు ఆపడం అన్నిటికన్నా ప్రమాదకరం. గర్భిణులు కూడా దరఖాస్తులో నెలలు రాసి, తమ డాక్టరును అడిగాకే ఖాయం చేసుకోవాలి.

## మీరు లేని పది రోజులు

ఫోన్ తీసేసుకుంటారట. పిల్లాడికి జ్వరం వస్తే నాకెలా తెలుస్తుంది?

కేంద్రం ఆఫీసు నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. అత్యవసరమైతే ఆ నంబరుకు చేస్తే మీకు కబురందుతుంది. ఏది అత్యవసరమో ముందే అనుకోండి. ఆసుపత్రిలో చేర్చడం, ప్రమాదం, దగ్గరివాళ్ల మరణం అత్యవసరాలు. జలుబు, బడిలో గొడవ, గ్యాస్ అయిపోవడం కావు. ఇది తేల్చకుండా వెళ్తే ఇంట్లోవాళ్లు చేయాల్సిన ఫోన్ మొహమాటంతో మానేస్తారు, లేదా ప్రతిదానికీ చేస్తారు.

ఒక కాగితం మీద ఇవి రాసి ఫ్రిజ్‌కు అంటించండి: పిల్లల డాక్టరు నంబరు, పిల్లల బరువు, జ్వరం మందు ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరు చెప్పిన మోతాదు, పడని మందులు, ఆరోగ్య బీమా కార్డు ఎక్కడుందో, బడి బస్సు డ్రైవరు నంబరు, పాలు పేపరు వాళ్ల లెక్క, ఆ పది రోజుల్లో కట్టాల్సిన బిల్లులు. కొంత డబ్బు చేతికిచ్చి వెళ్లండి. ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చే చెల్లింపులుంటే ముందే కట్టేయండి. చాలా ఇళ్లలో ఇబ్బంది ఇక్కడే వస్తోంది.

అమెరికాలో ఉంటున్నాం. అమ్మానాన్న వచ్చినప్పుడు పిల్లల్ని వాళ్లకు వదిలి వెళ్లొచ్చా?

వాళ్లు వచ్చిన మొదటి మూడు నాలుగు వారాల్లో వద్దు. నిద్రవేళలు మారి ఉంటాయి, పిల్లలకు వాళ్ల మాట అలవాటు కాలేదు, వాళ్లకు ఆ స్టవ్వు, ఆ తాళాలు, అత్యవసరానికి 911కి చేయాలన్న సంగతి కొత్త. కారు నడపలేని పెద్దవాళ్ల మీద బడి ప్రయాణాలు పెట్టకండి. దంపతుల్లో ఒకరు ఇంట్లో ఉండగా ఇంకొకరు వెళ్లడమే అక్కడ సరైన పద్ధతి.

## తిరిగొచ్చిన మొదటి రోజులు

వచ్చీ రాగానే పిల్లల అరుపులు, టీవీ మోత భరించలేకపోతున్నాను. ధ్యానం పనిచేయలేదా?

పనిచేయకపోవడం కాదు. తొమ్మిది రోజులకు పైగా మాట లేదు, ఫోన్ లేదు, పుస్తకం కూడా లేదు. మనసు ఒంట్లోని సన్నని సంవేదనలను పట్టుకోవడానికి అలవాటు పడింది. అలాంటి మనసుకు ప్రెషర్ కుక్కర్ విజిల్ కూడా గట్టిగా తగులుతుంది. మామూలుగా మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. అందాకా పెళ్లిళ్లు, షాపింగ్ మాళ్లు, దూర ప్రయాణాలు పెట్టుకోకండి.

పిల్లల్ని మాత్రం నోరు మూయించకండి. పది రోజులుగా దాచుకున్న కబుర్లన్నీ వాళ్లు ఒక్కసారే చెబుతారు. మొదటి సాయంత్రం మీ అనుభవాలు పక్కన పెట్టి వాళ్లవి వినండి. గది తలుపేసుకుని కూర్చుంటే, ఆ శిబిరమే మిమ్మల్ని లాక్కుపోయిందని పిల్లల మనసులో నాటుకుంటుంది.

నేనెంతో ప్రశాంతంగా వచ్చాను. మా ఆవిడ మాత్రం కోపంగా ఉంది. ఎందుకు?

ఆ పది రోజులు మీ పని కూడా ఆమే చేసింది. వంట, హోంవర్కు, పాపకు జ్వరం, మీ అమ్మగారి మందులు అన్నీ ఆమె మీదే పడ్డాయి. మీరు రాగానే ‘అంతా అనిత్యం’ అని బోధిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మొదటి వారం బోధన వద్దు. వచ్చిన తర్వాతి రెండు రోజులు ఇంటి పని మొత్తం మీరు తీసుకోండి. టిఫిన్ డబ్బాలు, బట్టలు, పిల్లల స్నానాలు అన్నీ. ఆమె పుట్టింటికి వెళ్తానన్నా, మధ్యాహ్నమంతా పడుకుంటానన్నా వెళ్లనివ్వండి, పడుకోనివ్వండి. వెళ్లొచ్చింది భార్య అయితే భర్తకూ ఇదే వర్తిస్తుంది. కాకపోతే మన ఇళ్లలో భర్త ఒక్కడే పది రోజులు ఇల్లు నడపడం అరుదు, అత్తగారో అమ్మో వచ్చి చేసి ఉంటారు. అప్పుడు ఆ విశ్రాంతి ఆ పెద్దామెకు దక్కాలి.

భర్త మీద, పిల్లల మీద ప్రేమ తగ్గినట్టు అనిపిస్తోంది. ఇది వైరాగ్యమా?

తొందరపడి ఏ పేరూ పెట్టుకోకండి. రెండు వేర్వేరు స్థితులు పైకి ఒకేలా కనిపిస్తాయి.

ఒకటి సమత. పిల్లాడు పరీక్ష తప్పితే మునుపటిలా గుండె జారిపోదు, కానీ వాడి దగ్గర కూర్చుని ఏం చేద్దామో ఆలోచించే ఓపిక పెరుగుతుంది. ఆకలి, నిద్ర, నవ్వు మామూలుగానే ఉంటాయి. అవతలివాళ్ల బాధ మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఇది మంచి గుర్తు. భయం తగ్గడాన్నే మీరు ప్రేమ తగ్గడంగా అనుకుంటున్నారేమో చూసుకోండి.

రెండోది మొద్దుబారడం. బిడ్డ ఏడుస్తున్నా కదలబుద్ధి కాదు, నిద్ర పట్టదు లేదా మెలకువ రాదు, తిండి సయించదు, తానెవరో ఇల్లేదో కలలోలా అనిపిస్తుంది, ఏదీ బాగుండదు. ఇది సాధనలో మెట్టు కాదు. ధ్యానం సమయం వెంటనే తగ్గించి, కళ్లు తెరుచుకుని చేసే ఇంటి పనుల్లో పడండి. నడవండి, వేళకు తినండి, మీకు నేర్పిన ఆచార్యులతో మాట్లాడండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, లేని మాటలు వినిపించినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. ప్రభుత్వ టెలి మానస్ లైన్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. బాలింతలు ఈ లక్షణాలను మరింత గట్టిగా పట్టించుకోవాలి. ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటును వైరాగ్యమనుకుని వదిలేస్తే తల్లికీ బిడ్డకీ ముప్పు.

## రోజువారీ సాధన

పొద్దున గంట, సాయంత్రం గంట అన్నారు. బడిపిల్లలున్న ఇంట్లో అది ఎలా కుదురుతుంది?

ముందు ఆ గంట ఎవరి దగ్గర నుంచి వస్తోందో చూడండి. బడి బస్సు 7.15కి వస్తుందంటే వంటింట్లో 5.30కే పొయ్యి వెలగాలి. నాన్న 5.30 నుంచి 6.30 దాకా కళ్లు మూసుకుంటే, ఆ గంటలో డబ్బాలు కట్టేది, పిల్లల్ని లేపేది అమ్మే. ఆయన ధ్యానం ఆమె సమయంలోంచి నడుస్తున్నట్టు లెక్క.

పనిచేసే అమరిక ఒకటుంది. ఒకరు 4.30 నుంచి 5.30 దాకా కూర్చోవాలి, ఇంకొకరు 5.30 నుంచి 6.30 దాకా. వారం వారం వంతులు మార్చుకోవాలి. రెండోవాళ్లు ధ్యానం చేయకపోయినా సరే, ఆ గంట నిద్రకో నడకకో వాళ్లకు దక్కాలి. కూరగాయలు రాత్రే తరిగి పెట్టుకోండి, యూనిఫాంలు, బూట్లు, సంచులు రాత్రే సిద్ధం చేయండి. దీంతో పొద్దున అరగంట మిగులుతుంది.

4.30కి లేవాలంటే 10 లోపు పడుకోవాలి. రాత్రి 11.30 దాకా ఫోన్ చూసి 4.30కి లేస్తే మొదటి వారం ఉత్సాహంతో గడుస్తుంది, రెండో వారం కూర్చుని తూగుతారు, మూడో వారం పిల్లల మీద అరుస్తారు. నిద్రను కోసి ధ్యానానికి ఇవ్వకండి.

సాయంత్రం గంటకు అనువైన వేళ, ఇంటికొచ్చాక రాత్రి భోజనానికి ముందు. పిల్లలు పడుకున్నాక కూర్చుందామనుకునేవాళ్లు ఎక్కువగా కునికిపాట్లే పడతారు. ఇల్లు ఇరుకైతే ఆఫీసులో ఖాళీ గదిలోనో, ఆపి ఉంచిన కారులోనో కూర్చుని రావచ్చు. బాసింపట్టు తప్పనిసరి కాదు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ చాలు, వెన్ను నిటారుగా ఉంటే సరిపోతుంది.

గంట కుదరని రోజు అరగంట, అదీ కుదరకపోతే ఇరవై నిమిషాలు. నిద్ర లేచాక ఐదు నిమిషాలు, పడుకునే ముందు ఐదు నిమిషాలు పక్క మీదే సాధన చేయడం శిబిరంలోనూ చెబుతారు. దాన్ని మాత్రం వదలకండి.

పసిబిడ్డతో రాత్రంతా నిద్రే లేదు. ధ్యానం ఎప్పుడు చేయాలి?

నిద్ర దొరికితే నిద్రపోండి. బిడ్డకు ఆరేడు నెలలొచ్చేదాకా గంటల లెక్క పక్కన పెట్టండి. పాలిచ్చేటప్పుడు కళ్లు తెరుచుకునే ముక్కు రంధ్రాల దగ్గర శ్వాసను గమనించవచ్చు. తూగు వస్తుంటే ఆపేసి, బిడ్డ ముక్కు మూసుకుపోలేదని చూసుకోండి. జోకొడుతున్నప్పుడు మైత్రి భావన, అంటే అందరూ సుఖంగా ఉండాలని మనసులో కోరుకోవడం, చాలామంది తల్లులకు సులువుగా కుదురుతుంది.

ధ్యానంలో ఉండగా పిల్లాడొచ్చి ఒళ్లో కూర్చుంటాడు. తోసేయాలా?

తోసేయకండి. మూడు నాలుగేళ్ల పిల్లలు ఒళ్లో కూర్చుంటే కూర్చోనివ్వండి, రెండు మూడు నిమిషాల్లో వాళ్లే లేచిపోతారు. ఆరేడేళ్లొచ్చాక ఒక గుర్తు పెట్టుకోండి. మీరు ఫలానా చాప మీద ఉంటే దెబ్బ తగిలితేనో, ఎవరైనా వస్తేనో, కడుపు నొప్పొస్తేనో తప్ప పిలవకూడదు. పిలిస్తే మాత్రం మొదటి పిలుపుకే లేవాలి, అప్పుడే ఆ మాట మీద వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

పొయ్యి మీద ఏదైనా పెట్టిగానీ, నడక నేర్చిన బిడ్డ ఒంటరిగా తిరుగుతుండగా గానీ, బకెట్ నిండా నీళ్లు వదిలిగానీ కళ్లు మూసుకోకండి.

ఇంత ధ్యానం చేస్తున్నా పిల్లల మీద కోపం వస్తూనే ఉంది. ఏం చేయాలి?

కోపం రావడం వెంటనే ఆగదు. మొదట మారేది దాన్ని ఎంత త్వరగా పసిగడతారన్నదే. కోపం మాటగా మారే ముందు ఒంట్లో కనిపిస్తుంది. దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, ఊపిరి పొట్టిదవుతుంది. మీ ఒంట్లో ఏది ముందొస్తుందో ఒక వారం గమనించి తెలుసుకోండి. అది కనబడగానే నోరు తెరవకండి. నాలుగైదు శ్వాసలు గమనించి, అప్పుడు చెప్పాల్సింది ఒక్క వాక్యంలో చెప్పండి: ‘పుస్తకాలు తీసి సంచిలో పెట్టు.’ పాత తప్పుల జాబితా వద్దు.

ఎక్కువగా గొడవ జరిగే వేళలు రెండు: పొద్దున బడికి బయల్దేరేటప్పుడు, సాయంత్రం ఆరు ఏడు మధ్య. రెండోది సగం ఆకలి వల్లే. పిల్లలకు సాయంత్రం 5కి అటుకులో, పల్లీలో, అరటిపండో పెట్టి, మీరూ తినండి. ధ్యానంతో తీర్చాలనుకున్న కొన్ని గొడవలు దీంతోనే తీరతాయి.

నోరు జారితే అదే రోజు పిల్లల దగ్గరకెళ్లి, ‘అరిచాను, తప్పే’ అని చెప్పండి. ‘కానీ నువ్వు కూడా’ అని మొదలుపెడితే ఆ క్షమాపణకు విలువ ఉండదు.

ఇంట్లో పూజలు, వ్రతాలు మానేయాలా?

శిబిరంలో ఉన్నన్ని రోజులు పూజ, జపం, ఇతర ధ్యాన పద్ధతులు పక్కన పెట్టమంటారు. ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చోవద్దని ఎవరూ అనరు. ఒకే కూర్చోవడంలో శ్వాసను గమనించడం, మంత్రం చేయడం కలపొద్దన్నదే అక్కడి సూచన. అత్తగారి పూజను తీసిపారేస్తూ మాట్లాడితే వాక్కుకు సంబంధించిన శీలం, అంటే మాటతో ఎవరినీ నొప్పించకూడదన్న నియమం, మీరే తప్పినట్టు.

మాంసం మానేశాను. ఇంట్లో వండొద్దనొచ్చా?

మీ వరకు మానండి. పిల్లల తిండి ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఎదిగే పిల్లలు మాంసం మానేస్తే పప్పులు, పాలు, పెరుగు, పల్లీలు, గుడ్డు తింటే గుడ్డు, రోజూ తగినంత అందాలి. విటమిన్ బి12 సంగతి డాక్టరుతో మాట్లాడండి.

దావత్‌లో తాగనంటే చుట్టాలు నొచ్చుకుంటున్నారు.

కారణాలు చెప్పకండి. ‘మానేశాను అన్నా’ అని నవ్వి, సోడా గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చోండి. పక్కవాళ్లకు ఉపన్యాసం ఇవ్వకపోతే మూడో దావత్‌కల్లా ఎవరూ అడగరు.

సాధన కోసం బ్రహ్మచర్యం పాటించాలా?

శిబిరంలో ఉన్నన్నాళ్లే. ఇంటి దగ్గర గృహస్థులు పాటించాల్సింది వ్యభిచారానికి దూరంగా ఉండటం. భార్యనో భర్తనో అడగకుండా ఒక్కరే తీసుకున్న బ్రహ్మచర్య నిర్ణయం అవతలి మనిషికి తిరస్కారంగా తగులుతుంది. ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకుంటే తప్ప దాని జోలికి వెళ్లకండి.

## పిల్లలకు నేర్పడం

పిల్లలకు ఏ వయసు నుంచి నేర్పించొచ్చు?

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు కేంద్రాల్లో ఆనాపాన శిబిరాలు జరుగుతాయి. అందులో శ్వాసను గమనించడం ఒక్కటే నేర్పుతారు, విపశ్యన కాదు. ఆ తర్వాత ఇంట్లో రోజుకు పది నిమిషాలు చాలు. మీరు కూర్చునే సమయంలో పక్కన చాప వేయండి, వస్తే వస్తారు. ఎంతసేపు కూర్చున్నావని లెక్క అడగకండి, చుట్టాల ముందు చేసి చూపించమనకండి. అల్లరికి శిక్షగా ‘వెళ్లి ధ్యానం చెయ్’ అన్నారంటే ఆ పిల్లలు జన్మలో చాప ఎక్కరు.

ఇంటర్ చదివే అమ్మాయి మార్కులు పడిపోయాయి. సమతతో ఊరుకోవాలా?

ఊరుకోవడం సమత కాదు. మీ కడుపులో లేచే ఆందోళనను మీరు గమనించుకుంటారు, అమ్మాయికి కావాల్సిన సాయం మాత్రం చేస్తారు. ఏ సబ్జెక్టు అర్థం కావడం లేదు, ఎన్ని గంటలు పడుకుంటోంది, కాలేజీలో ఎవరైనా అవమానిస్తున్నారా, హాస్టల్లో తిండి ఎలా ఉంది, ఇవన్నీ అడగాలి. లెక్చరర్‌తో మాట్లాడాలి. అవసరమైతే కాలేజీ మార్చాలి, గ్రూపు మార్చాలి. ఫలితాలొచ్చే రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. మార్కులేవైనా ఆ పూట కలిసి అన్నం తినండి, లెక్కలు మర్నాడు మాట్లాడుకోవచ్చు. ‘నేను ధ్యానిని, మార్కులు పట్టించుకోను’ అని తప్పుకునే తండ్రి, తన కూతురిని ఆ భయంతో ఒంటరిగా వదిలేస్తున్నాడు.

## ఆ తర్వాత

మళ్లీ ఎప్పుడు వెళ్లాలి? పెద్ద శిబిరాలకు వెళ్లొచ్చా?

ఏడాదికి ఒక పది రోజుల శిబిరం చేయమంటారు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు దాని బదులు పాత సాధకులకు (పది రోజుల శిబిరం పూర్తి చేసినవాళ్లకు) జరిగే ఒక్కరోజు శిబిరాలు, వారానికోసారి సామూహిక సాధన సరిపెట్టుకోవచ్చు. 20 రోజుల శిబిరానికి ఐదు పది రోజుల శిబిరాలు, ఒక సతిపట్ఠాన శిబిరం (పాత సాధకులకు సతిపట్ఠాన సుత్తం ఆధారంగా జరిగేది) పూర్తయి ఉండాలి, రెండేళ్లుగా రోజువారీ సాధన నడుస్తుండాలి. అర్హత వచ్చినంత మాత్రాన వెంటనే వెళ్లనక్కర్లేదు. పిల్లల పదో తరగతి ఏడాది, ఇంట్లో ప్రసవం, పెద్దవాళ్ల ఆపరేషన్ ఉన్న ఏడాది వాయిదా వేయండి.

నాలుగు నెలలుగా కూర్చోలేదు. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

రేపటి నుంచి రెండు గంటలని ప్రతిజ్ఞ చేయకండి. మొదటి వారం పొద్దున పదిహేను నిమిషాలు ఆనాపాన మాత్రమే. రెండో వారం అరగంట చేసి, చివరి పావుగంట విపశ్యనకు ఇవ్వండి. మూడో వారం సాయంత్రం ఇరవై నిమిషాలు కలపండి. నెల తిరిగేలోపు దగ్గర్లో జరిగే సామూహిక సాధనకు ఒక్కసారైనా వెళ్లండి, పదిమందితో కూర్చున్నప్పుడు గంట తేలిగ్గా గడుస్తుంది. అలవాటు ఎందుకు తప్పిందో కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో కారణం బద్ధకం కాదు, బడి వేళలు మారడమో, షిఫ్టు మారడమో, పెద్దవాళ్లు మంచాన పడటమో అయి ఉంటుంది. పాత వేళకే మళ్లీ కూర్చోవాలని పట్టుబట్టకుండా, ఇప్పటి ఇంటి వేళలు కాగితం మీద రాసుకుని ఖాళీ ఎక్కడుందో ఇంట్లోవాళ్లతో కలిసి వెతకండి.